కిటికీ విరిగితే కప్పు జాగ్రత్త

ద్వారకా తిరుమల దగ్గర ఒక పల్లె. ఆ పల్లెలో ఒక రేకుల ఇల్లు ఉందనుకుందాం. ఇటుక గోడలు. పైన సిమెంటు రేకులు. ఇంట్లో అత్తగారు, కోడలు, మూడేళ్ళ పిల్ల ఉన్నారు. ఇంటాయన లారీ మీద తాడేపల్లిగూడెం వెళ్ళాడు. రేపు గాని రాడు.

పొద్దుటి నుంచీ టీవీలో తుఫాను అని చెబుతున్నారు. సాయంత్రం నాలుగు గంటలకు గాలి మొదలైంది. వంటింటి తూర్పు కిటికీ రెక్క టపటపా కొట్టుకుంది. దాని బందు పాతది, తుప్పు పట్టింది. నాలుగుసార్లు కొట్టుకునేసరికి బందు ఊడిపోయింది. రెక్క దొడ్లో పడింది. వాన జల్లు పొయ్యి మీదకి కొడుతోంది.

"ఏమే, ఆ పడమటి తలుపు తీసెయ్యి. ఇటొచ్చిన గాలి అటు పోద్ది" అంది అత్తగారు.

"వద్దత్తయ్యా. ముందు ఈ కన్నం మూసేద్దాం" అంది కోడలు.

"కిటికీ పోతే పోనియ్యవే. పొయ్యి తడుత్తాది, అంతే కదా!"

పొయ్యి తడవడం ఒక్కటే అయితే పరవాలేదు. కానీ సంగతి అది కాదు. కిటికీ పోతే తరవాత పోయేది ఇంటి కప్పు.

గాలికి అంత బలం ఎక్కడిది?

ఒక ప్లాస్టిక్ కవరు తీసుకోండి. దాని మూతి పట్టుకుని నోటితో ఊదండి. కవరు ఉబ్బుతుంది. లోపలికి వెళ్ళిన గాలి అన్ని వైపులకూ తోస్తుంది. కిటికీ విరిగిన ఇల్లు కూడా అలాంటిదే. గాలి కిటికీలోంచి లోపలికి దూరుతుంది. గోడలను బయటికి తోస్తుంది. కప్పును కింద నుంచి పైకి తోస్తుంది.

అదే సమయంలో కప్పు పైన ఇంకో గాలి జోరుగా పోతూ ఉంటుంది. ఆ గాలి కప్పును పైకి లాగుతుంది. లోపలి గాలి తోస్తుంది, బయటి గాలి లాగుతుంది. రెండూ కలిస్తే రేకుల మేకులు ఆగవు. ఒక్క రేకు లేచిందంటే పక్క రేకులు కూడా దాని వెనకే లేస్తాయి. లేచిన రేకు ఎవరి ఇంటి మీద పడుతుందో ఎవరూ చెప్పలేరు.

గాలి వేగం రెండింతలైతే దాని తోపు నాలుగింతలు అవుతుంది. ఇది గుర్తు పెట్టుకోవలసిన లెక్క. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో గాలి వీస్తోందనుకుందాం. ఆరున్నర అడుగుల ఎత్తు, మూడు అడుగుల వెడల్పు ఉన్న తలుపు మీద అది సుమారు 85 కిలోల బరువుతో తోస్తుంది. అంటే ఒకటిన్నర సిమెంటు బస్తా కంటే ఎక్కువ. వేగం 150 కిలోమీటర్లు అయితే ఆ తోపు 190 కిలోలు దాటుతుంది. అంటే దాదాపు నాలుగు సిమెంటు బస్తాలు. అందుకే తలుపుకి వీపు ఆనించి నిలబడి ఆపుదామనుకోవడం పొరపాటు. ఎంత గట్టి మనిషైనా ఆపలేరు. తలుపు ఊడి వచ్చి మీద పడితే దెబ్బ తగిలేది ఆ మనిషికే.

ద్వారకా తిరుమలకు సముద్రం దగ్గర కాదు. అరవై, డెబ్బై కిలోమీటర్ల దూరం ఉంటుంది. సముద్రపు ఉప్పెన ఇక్కడి దాకా రాదు. కానీ గాలి వస్తుంది. కొండ మీద, మెట్ట మీద గాలి జోరు పల్లం కంటే ఎక్కువగా ఉంటుంది. కొల్లేటి లంక గ్రామాల్లో ఇంకో ఇబ్బంది ఉంది. అక్కడ గాలికి అడ్డం వచ్చే కొండ లేదు, తోపు లేదు. అంతా నీళ్ళే. ఆ నీళ్ళ మీదుగా గాలి తిన్నగా ఇంటి మీదకు వస్తుంది.

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణాన తుఫాను తీరం దాటింది. గోదావరి జిల్లాల్లో కొబ్బరి చెట్లు కూలిపోయాయి. ఇళ్ళ కప్పులు ఎగిరిపోయాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నం మీదకు వచ్చింది. అక్కడివి పూరిళ్ళు కావు, పెద్ద పెద్ద మేడలు. అయినా వాటి కిటికీల అద్దాలు పగిలిపోయాయి. విమానాశ్రయం కప్పు కూడా దెబ్బతింది. మేడ అయినా కిటికీ గట్టిగా లేకపోతే గాలికి లోకువే.

పడమటి తలుపు సంగతి

అత్తగారి మాటలో కొంచెం న్యాయం ఉంది. గాలి పోయే దారి ఉంటే లోపలి తోపు కొంత తగ్గుతుంది. కానీ తుఫాను గాలి ఒకే దిక్కు నుంచి వీయదు. పెద్ద సుడిలా తిరుగుతూ వస్తుంది. అందుకే ఒకే రాత్రిలో గాలి దిక్కు మారిపోతుంది.

మన వైపు తుఫానుకి గాలి సాధారణంగా ఈశాన్యం నుంచి మొదలవుతుంది. తుఫాను మచిలీపట్నం వైపు తీరం దాటితే గాలి తూర్పుకి మళ్ళుతుంది. తరవాత ఆగ్నేయం నుంచి కొడుతుంది. కాకినాడ వైపు దాటితే గాలి ఉత్తరానికి మళ్ళి, తరవాత వాయవ్యం నుంచి, పడమర నుంచి కొడుతుంది. అప్పుడు సాయంత్రం తెరిచి పెట్టిన పడమటి తలుపే గాలికి ఎదురు తలుపు అవుతుంది. అర్ధరాత్రి చీకట్లో ఆ తలుపు ఎవరు మూయగలరు?

ఇంకో సంగతి. తుఫాను నడిబొడ్డు సరిగ్గా ఊరి మీదుగా పోతే గాలి ఉన్నట్టుండి ఆగిపోతుంది. దాన్ని తుఫాను కన్ను అంటారు. గాలి ఆగింది కదా అని జనం బయటికి వస్తారు. కాసేపటికి గాలి మళ్ళీ వస్తుంది. ఈసారి ఎదురు దిక్కు నుంచి అంతే జోరుగా వస్తుంది. కాబట్టి గాలి చటుక్కున ఆగితే బయటికి పోకూడదు. తుఫాను దాటిపోయిందని టీవీలో, రేడియోలో చెప్పేదాకా ఆగాలి.

అందుకని విరిగిన కిటికీ మూయాలి. మిగతావి కూడా మూసి ఉంచాలి. కానీ బయటికి వెళ్ళే దారి ఒకటి ఉండాలి. గాలికి వెనక వైపున ఉన్న తలుపును లోపల గడియ వేసి ఉంచాలి. మేకులు కొట్టకూడదు. ఇల్లు కూలేటట్టుంటే ఆ తలుపు తీసుకునే బయటపడాలి.

అత్తా కోడళ్ళు ఏం చేశారు?

ముందు కోడలు దొడ్లోకి వెళ్ళి చూసింది. గాలి ఉంది కానీ గొడుగు పట్టుకుని నిలబడగలుగుతోంది. ఇది మంచి గుర్తు. గొడుగు పట్టుకోగలిగినంత వరకే బయట పని చెయ్యాలి. గొడుగు తిరగబడుతుంటే, కొబ్బరి మట్టలు ఎగిరి పడుతుంటే లోపలికి వచ్చెయ్యాలి. ఆ తరవాత కిటికీ కోసం ప్రాణం మీదకు తెచ్చుకోకూడదు.

అటక మీద పాత బల్ల చెక్క ఉంది. కిటికీ కన్నా కొంచెం పెద్దది. అలా పెద్దదే కావాలి. కిటికీకి సరిపడా కోసిన చెక్క పనికిరాదు, గాలి దాన్ని లోపలికి నెట్టేస్తుంది. చెక్క నాలుగు వైపులా గోడ మీదకు నాలుగేసి అంగుళాలు రావాలి. అప్పుడు గాలి తోసిన కొద్దీ చెక్క గోడకే అదుముకుంటుంది.

ఆ కిటికీకి ఇనప ఊచలు ఉన్నాయి. మన వైపు చాలా ఇళ్ళ కిటికీలకు ఉంటాయి. ఊచలు ఉంటే పని చాలా తేలిక. గోడకి మేకులు కొట్టక్కరలేదు. కోడలు చెక్కకి నాలుగు మూలలా, మధ్యలో రెండు చోట్లా జంట బెజ్జాలు వేసింది. మేకు కొట్టి ఊడబీకితే బెజ్జం పడుతుంది. వడ్రంగి దగ్గరకు తీసుకెళ్ళి ముందే బరమాతో బెజ్జాలు వేయించుకుంటే ఇంకా మంచిది. మూల బెజ్జాలు చెక్క అంచున వేయకూడదు, గోడ అడ్డం వస్తుంది. ఊచలకు ఎదురుగా వచ్చేటట్టు లోపలికి వేయాలి.

తరవాత ఇల్లు కట్టే తాపీవాళ్ళు వాడే కట్టు తీగ తీసింది. చెక్కను బయట నుంచి కిటికీకి ఆనించి పట్టుకుంది. తీగను ఒక బెజ్జంలోంచి లోపలికి తోసింది. లోపల అత్తగారు ఆ తీగను ఊచ చుట్టూ తిప్పి, పక్క బెజ్జంలోంచి బయటికి తోసింది. కోడలు రెండు కొసలూ కలిపి పట్టకారుతో మెలిపెట్టింది.

"గట్టిగా లాగవే, ఇంకా కదుల్తుంది" అంది లోపల నుంచి అత్తగారు.

"మరీ మెలిపెడితే తెగిపోద్దత్తయ్యా. ఇంకో తీగ వేద్దాం."

ఆరు చోట్ల కట్టారు. ప్రతి చోటా రెండేసి తీగలు వేశారు. పావుగంట పట్టింది. సుత్తి, పట్టకారు మగవాళ్ళ వస్తువులని కొందరు అంటారు. రోకటి పోటు వేసే చేతికి సుత్తి ఒక బరువా?

గాలి చెక్కను లోపలికి తోస్తే గోడ ఆపుతుంది. మరి తీగలు ఎందుకు? గాలి దిక్కు మారాక చెక్కను బయటికి లాగుతుంది. అప్పుడు ఆపేవి తీగలే.

తీగ లేకపోతే నైలాన్ తాడు వాడవచ్చు. ఊచలు లేని కిటికీ అయితే చెక్కను కిటికీ చట్రానికి మేకులతో కొట్టాలి. చట్రం చెక్కది అయితేనే మేకు నిలుస్తుంది. గోడ మీది సిమెంటు పూతకు కొట్టిన మేకు, మట్టి గోడకు కొట్టిన మేకు గాలికి ఊడిపోతాయి. మేకు పొడవు చెక్క మందానికి మూడింతలు ఉండాలి. ముప్పావు అంగుళం చెక్కకు రెండున్నర అంగుళాల మేకు సరిపోతుంది. అడుగుకొకటి చొప్పున చుట్టూ కొట్టాలి.

అప్పటికే గాలి పెరిగిపోయి బయటికి వెళ్ళడానికి వీలు లేకపోతే? అప్పుడు లోపల నుంచే చెక్కను ఊచలకు కట్టాలి. ఇది బయట కట్టినంత గట్టి కాదు. ఇక్కడ గాలి తోపంతా తీగల మీదే పడుతుంది. అందుకని కట్లు ఎక్కువ వేయాలి. ఆ గదిలో ఎవరూ పడుకోకూడదు. ఆ గది తలుపు మూసేసి, లోపలి గదిలోకి పోవాలి.

ఇనప రేకు ముక్కతో కిటికీ మూయడం మంచిది కాదు. అది ఊడితే కత్తిలా ఎగురుతుంది. కిటికీ అద్దాలకు కాగితం పట్టీలు అంటించడం కొందరికి తెలుసు. దానివల్ల పగిలిన ముక్కలు కొంచెం తక్కువగా చెదురుతాయి, అంతే. అద్దం పగలకుండా ఆగదు.

ఇక వీధి తలుపు. దాని గడియ చిన్నది. చిన్న స్క్రూలతో బిగించారు. అంత చిన్న గడియ ఒక్కటే పెద్ద గాలిని ఆపలేదు. కోడలు రోకలి తెచ్చింది. తలుపు మధ్యలో అడ్డంగా ఒక చెక్క ముక్క పెట్టింది. రోకలి ఒక కొసను ఆ చెక్కకు ఆనించింది. రెండో కొసను నేల మీద ఏటవాలుగా పెట్టింది. అది జారిపోకుండా వెనక రుబ్బురోలు దొర్లించి పెట్టారు. లోపలికి తెరుచుకునే తలుపుకి ఈ పోటు బాగా పని చేస్తుంది. బయటికి తెరుచుకునే తలుపుకి పని చెయ్యదు. దాన్ని లోపల నుంచి అడ్డకర్రకు కట్టాలి.

తలుపు బందులు ఊడి పక్కన పడిపోతే దాన్ని మళ్ళీ ద్వారబంధంలో నిలబెట్టాలి. బయట నుంచి రెండు వాసం ముక్కలు అడ్డంగా పెట్టి ద్వారబంధానికి రెండు వైపులా కొట్టాలి. ఇల్లు మొత్తానికి అదొక్కటే తలుపయితే మాత్రం ఈ పని చెయ్యకూడదు. ద్వారబంధమే గోడలోంచి కదిలితే గోడ కూడా వదులైపోయిందని అర్థం. ఆ ఇంట్లో ఇక ఉండకూడదు.

తాటాకు ఇల్లు, మట్టి గోడల ఇల్లు అయితే ఈ చెక్కలూ తీగలూ ఏవీ వద్దు. అలాంటి ఇంటికి కిటికీ బిగించి లోపల కూర్చోవడం ప్రమాదం. బియ్యం, రేషను కార్డు, ఆధార్ కార్డులు, పొలం పాసు పుస్తకం, డ్వాక్రా పుస్తకం ఒక ప్లాస్టిక్ సంచిలో కట్టుకుని వెలుతురుండగానే గట్టి మేడలోకి పోవాలి. బడికో, తుఫాను షెల్టరుకో పోవాలి. "ఇల్లు వదిలితే దొంగలు పడతారు" అని చాలామంది ఆగిపోతారు. ముఖ్యంగా ముసలివాళ్ళు ఆగిపోతారు. వాళ్ళను బతిమాలైనా తీసుకుపోవాలి.

రాత్రి, తెల్లవారి

కోడలు కరెంటు మెయిన్ స్విచ్ ఆపేసింది. గ్యాసు బండ కట్టేసింది. ముగ్గురూ లోపలి గదిలో గోడ పక్కన మంచం కింద దుప్పట్లు పరుచుకున్నారు. అర్ధరాత్రి దాటాక గాలి పడమరకు మళ్ళింది. తూర్పు కిటికీ చెక్క బయటికి లాగుతూ కిర్రుకిర్రుమంది. కానీ ఊడలేదు. పడమటి తలుపు దడదడలాడింది.

"ఆ తలుపు తీసుంటే ఏమయ్యేదే?" అంది అత్తగారు.

కోడలు ఏమీ అనలేదు. పిల్లను దగ్గరకు తీసుకుంది.

పొద్దున్నకి గాలి తగ్గింది. తుఫాను దాటిపోయిందని టీవీలో చెప్పారట. కరెంటు లేదు కదా, పక్కింటి పిన్ని ఫోనులో చూసి చెప్పింది. ఇంటి రేకులు ఒక్కటి తప్ప అన్నీ ఉన్నాయి.

తుఫాను తరవాతే ఎక్కువ దెబ్బలు తగులుతుంటాయి. అప్పుడు మనుషులు తొందర పడతారు. కిటికీ ఊచల మీద గాని, రేకుల మీద గాని కరెంటు తీగ పడి ఉందేమో ముందు చూడాలి. పడి ఉంటే దేన్నీ ముట్టుకోకూడదు. కర్రతో కూడా తీయకూడదు, తడి కర్రలోంచి కరెంటు వస్తుంది. 1912కి ఫోను చెయ్యాలి. అది కరెంటువాళ్ళ నంబరు. మనుషులకు ప్రమాదం అయితే 112.

పగిలిన అద్దం ముక్కలు చేత్తో ఏరకూడదు. చెప్పులు వేసుకుని, చీపురుతో ఊడ్చి, డబ్బాలో వెయ్యాలి. సన్న ముక్కలను తడి గోనె గుడ్డతో అద్ది తీయాలి. అప్పటిదాకా పిల్లలను దించకూడదు.

విరిగిన తలుపులు, కిటికీలు బాగు చెయ్యకముందే ఫోనులో ఫొటోలు తీయించుకోవాలి. వి.ఆర్.ఓ. నష్టం రాసుకోవడానికి వస్తే చూపించాలి. విరిగిన రెక్కను పొయ్యిలో పెట్టేస్తే చూపించడానికి ఏమీ ఉండదు.

తుఫాను తరవాత వడ్రంగి దొరకడం కష్టం. ఊరందరికీ ఆయనే కావాలి. పది రోజులు పట్టవచ్చు. ఆ పది రోజులూ కన్నాలు మూసి ఉంచాలి. ఒడ్లు కప్పే బరకం ఉంటే చాలు. బరకం పై అంచును కిటికీ పైన కొట్టాలి. కింది అంచు కిటికీ కిందికి వేలాడాలి. అప్పుడు వాన నీళ్ళు బయటికి జారిపోతాయి. బరకానికి నేరుగా మేకు కొడితే ఆ బెజ్జం దగ్గరే చిరుగుతుంది. ముందు దాని అంచు మీద సన్నని చెక్క బద్ద పెట్టి, ఆ బద్ద మీద మేకు కొట్టాలి. బద్ద లేకపోతే తాటి కమ్మ ఈనె అయినా పరవాలేదు.

తలుపు కింద సందు ఉంటే ఇటుకలు పేర్చి, తడి గోనె సంచి దోపాలి. తుఫాను తరవాత పాములు పొడి చోటు వెతుక్కుంటూ ఇళ్ళల్లోకి వస్తాయి. కొల్లేటి పక్క ఊళ్ళవాళ్ళకు ఇది కొత్తగా చెప్పక్కరలేదు.

అన్ని కిటికీలకూ చెక్కలు కొట్టి ఉండగా లోపల కట్టెల పొయ్యి గాని, బొగ్గుల కుంపటి గాని వెలిగించకూడదు. ఆ పొగలో కంటికి కనపడని విషపు గాలి ఉంటుంది. నిద్రలోనే ప్రాణం తీస్తుంది. గాలి తగ్గగానే వంటింటి చెక్క ముందు విప్పాలి.

కోడలు అదే చేసింది. తీగలు విప్పి, చెక్క దించింది. దాన్ని పారెయ్యలేదు. మన వైపు తుఫానులు మే నెలలోను, అక్టోబరు నుంచి డిసెంబరు దాకాను ఎక్కువగా వస్తాయి. 1990లో మే 9న వచ్చింది. 2023లో డిసెంబరు 5న వచ్చింది. ఈ చెక్క మళ్ళీ కావలసిందే. మిగతా కిటికీలకు కూడా కొలతలు తీసి చెక్కలు చేయించాలనుకుంది. ఎనిమిది అడుగుల పొడవు, నాలుగు అడుగుల వెడల్పు ఉన్న ప్లైవుడ్ బల్ల ఒకటి కొంటే మూడు అడుగుల కిటికీలు రెండింటికి సరిపోతుంది. ముప్పావు అంగుళం మందం ఉంటే గట్టిగా ఉంటుంది. డబ్బు చూసుకుని ఏడాదికి ఒకటి కొన్నా చాలు. ముందు తూర్పు, ఉత్తరం కిటికీలకు చేయించుకోవాలి.

చెక్కలు ఎక్కువైతే ఏది ఏ కిటికీదో తెలియదు. గాలి వచ్చినప్పుడు వెతుక్కుంటే పొద్దు పోతుంది. అందుకని కోడలు పొయ్యిలోంచి బొగ్గు ముక్క తెచ్చింది.

"ఇలాగియ్యి, నేను రాత్తాను" అంది అత్తగారు. ఆవిడ రాత్రి బడిలో చదువు నేర్చుకుని ఇంకా ఏడాది కాలేదు. చెక్క మీద పెద్ద అక్షరాలతో నిదానంగా రాసింది.

"వంటిల్లు. తూర్పు కిటికీ. ఇది పై వైపు."

తీగ చుట్టను, పట్టకారును ఒక గుడ్డలో చుట్టి చెక్కకే కట్టింది. కోడలు దాన్ని అటక మీద పెట్టింది.